గొడవ తగ్గిందంటే జబ్బు తగ్గినట్టు కాదు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, షుగర్ ఉంది. పది రోజుల క్రితం యూరిన్ ఇన్ఫెక్షన్‌తో జ్వరం వస్తే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ తెచ్చి మూడు రోజులు వేశాం. రాత్రుళ్లు పొంతన లేకుండా మాట్లాడుతుంటే నిద్రమాత్ర ఇచ్చాం. ఇప్పుడు గొడవ తగ్గింది, కానీ రోజంతా మగతగా ఉంటున్నారు. మెదడు నుంచి గుండె, పొట్ట దాకా వెళ్లే వేగస్ నరానికి కరెంటు ఇస్తే మెదడులో వాపు తగ్గుతుందని వీడియోలో చూశాను. చెవికి పెట్టే మెషిన్ కొనమంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

సలహా: మెషిన్ సంగతి తర్వాత. ‘గొడవ తగ్గింది’ అన్నారే, నాకు టెన్షన్ పుట్టించింది ఆ మాటే. ఆయన్ను చూడకుండా ఇదేనని తేల్చలేను గానీ, ఇది డెలిరియం, అంటే ఒంట్లోని జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం కావచ్చు. అది అరుపులతోనే కాదు, మగతగానూ ఉంటుంది. అరిచే రోగిని అందరూ పట్టించుకుంటారు. మగతగా పడుకున్న పెద్దాయన్ని ‘పాపం, విశ్రాంతి తీసుకుంటున్నారు’ అని వదిలేస్తారు. ఇన్ఫెక్షన్ ముదిరి, దానికి ఒళ్లు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతింటే సెప్సిస్ అంటాం. అందులో క్రిమి మెదడు దాకా వెళ్లనక్కర్లేదు, ఒంట్లో పుట్టే ఇన్‌ఫ్లమేషన్ (వాపు) రసాయనాలే మెదడు పనిని తారుమారు చేస్తాయి. షుగర్ పడిపోయినా, రక్తంలో సోడియం అనే లవణం తగ్గినా ఇలాగే ఉంటుంది. గ్లూకోమీటర్ ఉంటే ఇప్పుడే చూసి, ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరి నిమిషానికి 22 సార్లు, అంతకు మించి ఉన్నా, పై బీపీ 100కి దిగినా, మూత్రం బాగా తగ్గినా 108కి ఫోన్ చేయండి. ఈ జవాబు కోసమే ఆగి ఉంటే మాత్రం కోప్పడతాను.

ఇక ఆ మందులు. సగం కోర్సు యాంటీబయాటిక్‌తో జ్వరం అణిగినట్టు కనిపిస్తుంది, మూత్రంలోని క్రిమిని పెంచి చూసే యూరిన్ కల్చర్ పరీక్షలో అది దొరక్కుండా పోతుంది, మాకు చేతులు కట్టేసినట్టవుతుంది. నిద్రమాత్రలే కాదు, మత్తు తెప్పించే జలుబు మాత్రలూ పెద్దవాళ్లలో అయోమయం పెంచుతాయి. డాక్టర్ చూసేదాకా మరో నిద్రమాత్ర వేయకండి. వాడిన మాత్రల పట్టీలన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.

వేగస్ విషయం కట్టుకథేం కాదు. అమెరికాలో కెవిన్ ట్రేసీ బృందం 2000లోనే ఎలుకల్లో ఆ నరాన్ని ప్రేరేపించి ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించి చూపింది. అక్కడ మూర్ఛకు 1997లో, కీళ్లవాతానికి 2025లో ఇలాంటి చికిత్సకు అనుమతి వచ్చింది. అయితే అవి ఆపరేషన్ చేసి లోపల అమర్చేవి. సెప్సిస్‌తో మెదడు మందగిస్తే ఇది ఇంకా పరిశోధన దశే. పైగా గుండె వేగాన్ని తగ్గించే నరమిది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు ఆన్‌లైన్‌లో కొని ప్రయోగాలు చేయకూడదు.

ఆసుపత్రికి చేరేలోపు మగత ఎక్కువగా ఉంటే ఆయన నోట్లో నీళ్లు, పాలు, మాత్రలు ఏవీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.