ఊట పోసే ముందు: మేనల్లుడికి మామయ్య లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు.

ఊరగాయ రుచి ఉన్న ఉప్పటి కాక్‌టెయిల్‌ను ఇంట్లో మూడుసార్లు కలిపి చూశావనీ, మూడుసార్లూ సముద్రపు నీళ్లు తాగినట్టే ఉందనీ రాశావు. నువ్వు పంపిన కొలతలు చదివేసరికి తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. వోడ్కా ఎంత పోశావో, ఊరగాయ సీసాలోని ఉప్పునీరు, అంటే ఊట కూడా అంతే పోశావు. నూటికి మూడు పాళ్ల ఉప్పున్న ఊటను 60 మి.లీ. పోస్తే ఒక్క గ్లాసులోకే దాదాపు 1.8 గ్రాముల ఉప్పు చేరుతుంది. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నదని గుర్తుంచుకుంటే, ఆ గ్లాసు నీ నాలుకకు ఎందుకు అంత కష్టంగా తోచిందో నీకే అర్థమవుతుంది.

అందుచేత మందు సంగతి తరువాత చూద్దాం, ముందు ఊట సంగతి చూసుకో. నూనెలో ఊరిన పచ్చళ్లు ఈ పనికి పనికిరావు. నూనె గ్లాసు పైన తెట్టులా తేలుతుంది. కావలసింది ఉప్పునీటిలో ఊరిన చిన్న దోసకాయల సీసా. ఆ సీసాలు రెండు రకాలుగా ఉంటాయి. మొదటి రకంలో దోసకాయలను ఉప్పునీటిలో ఉంచి వాటంతట అవే పులిసేలా వదిలేస్తారు. ఆ పులుపు పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుంది కాబట్టి ఊట కొంచెం మబ్బుగా, మెత్తటి పులుపుతో ఉంటుంది. రెండో రకంలో వెనిగర్ పోస్తారు. ఆ ఊట తేటగా ఉన్నా, గ్లాసు నోటి దగ్గరకు తెచ్చేసరికే ఘాటు ముక్కుకు తగులుతుంది. నన్నడిగితే మార్టినీలాగా ఐసుతో తిప్పి వడకట్టే ఘాటైన కాక్‌టెయిల్‌కు మొదటి రకమే మేలు. నీ దగ్గర వెనిగర్ ఊటే ఉంటే కొలతలో మూడో వంతు తగ్గించు.

ఏ సీసా అయినా సరే, మూత తీయగానే ఒక చెంచా ఊట నోట్లో వేసుకుని చూడు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. బార్ కౌంటర్ వెనుక నిలబడిన తొలి ఏడాదిలో ఒక రాత్రి రద్దీగా ఉన్నదని రుచి చూడకుండానే ఊట పోసి ఒక పెద్దమనిషికి గ్లాసు అందించాను. అది చక్కెర వేసి ఊరబెట్టిన దోసకాయల సీసా. ఆయన ఒక్క గుక్క తాగి, ఏమీ అనకుండా, రెండు వేళ్లతో గ్లాసు పాదాన్ని మెల్లగా నా వైపు నెట్టారు. ఆ తరువాత ముప్పయ్యేళ్లలో చెంచా పెట్టకుండా సీసా వంచింది లేదు.

ఇక కొలత. 60 మి.లీ. వోడ్కా, 15 మి.లీ. డ్రై వెర్మూత్ (మూలికల వాసనతో, తీపి తక్కువగా ఉండే ద్రాక్షసారా), 15 మి.లీ. ఊట. జిన్ కూడా వాడవచ్చు గానీ, దానిలోని జూనిపర్ అనే కాయల వాసనకూ సీసాలోని సోయికూర, వెల్లుల్లి వాసనలకూ పొత్తు కుదరడానికి చెయ్యి తిరగాలి. ప్రస్తుతానికి వోడ్కాతోనే మొదలుపెట్టు. వెర్మూత్ మానేద్దామని నీకు అనిపిస్తుంది, మానకు. అది లేకపోతే ఉప్పుకూ మద్యానికీ మధ్య ఏమీ ఉండదు. అయితే అది ద్రాక్షసారా జాతిది కాబట్టి మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి, ఒకటి రెండు నెలల్లో వాడేయాలి. అలమారలో ఏడాదిపాటు నిలబడిన సీసా రుచిని పాడుచేస్తుందే తప్ప కలిసిరాదు. ఊటను కాఫీ వడకట్టే కాగితంలో ఒకసారి వడకడితే నలుసులు పోతాయి. మందపాటి గ్లాసు నిండా పెద్ద ఐసు ముక్కలు వేసి, మూడూ పోసి, పొడవాటి చెంచా వీపు గ్లాసు గోడకు ఆనేలా ముప్పై సెకన్లు తిప్పు. మొదట్లో ఐసు గలగలమంటుంది. అంచులు కరిగి నునుపు తేలేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడుతుంది, గ్లాసు బయట సన్నటి చెమ్మ పడుతుంది. అప్పుడు ఆపు. అప్పటికి సుమారు 20 మి.లీ. నీరు కలిసి ఉంటుంది, అది కలవాలి కూడా. వోడ్కాను ఫ్రీజర్‌లోంచి తీసి వాడితే ఐసు త్వరగా కరగదు కనుక మరికొంతసేపు తిప్పాలి. చాలామంది ఇక్కడే తడబడి, పానీయం చల్లగా ఉంది కదా అని ఆపేసి, ఆ తరువాత ఉప్పెక్కువైందని వాపోతారు. షేకర్‌లో కొట్టినా తప్పేమీ లేదు గానీ గాలి బుడగలతో, ఐసు పొడితో పానీయం పలచబడుతుంది. ముందే చల్లబరిచిన గ్లాసులోకి వడకట్టి, ఊరిన దోసకాయ ముక్కను గుడ్డతో తడి ఒత్తి పుల్లకు గుచ్చి పెట్టు.

పుల్లటి ఊట ఎక్కువగా ఉంటే టమాటా రసం, నిమ్మరసం, మిరియాల పొడి వోడ్కాతో కలిపే బ్లడీ మేరీ అనే కాక్‌టెయిల్‌లో ఒక పెద్ద చెంచా వెయ్యి. టమాటా ఆ ఘాటును బాగా మోస్తుంది. ఏదీ కలపకుండా విస్కీ ఒక గుక్క, వెంటనే ఊట ఒక గుక్క తాగే పద్ధతి కూడా ఉంది. ఆ పద్ధతికి పికిల్‌బ్యాక్ అనే పేరు 2006 ప్రాంతంలో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టింది. నాకది అంతగా నచ్చదు.

ఊట మొత్తం ఒకేసారి ఒంపేయకు. ముక్కలు గాలికి తేలితే బూజు పడతాయి. దోసకాయలు అయిపోవచ్చిన సీసాలోదే వాడు. లేదంటే 250 మి.లీ. నీరు, 250 మి.లీ. వెనిగర్, 15 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు, కొంచెం సోయికూర, రెండు వెల్లుల్లి రెబ్బలు స్టీలు గిన్నెలో మరిగించి, చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకో. రాగి, అల్యూమినియం గిన్నెలు వెనిగర్‌కు పడవు.

మరొక్క విషయం. ఉప్పు చేదును అణచివేస్తుంది కాబట్టి ఈ గ్లాసు మంచినీళ్లలా దిగిపోతుంది, కానీ అందులో ఒక పెగ్గు కంటే ఎక్కువే ఉంటుందని మరువకు. నీ స్నేహితులలో రక్తపోటు ఉన్నవారికీ, తరువాత బండి నడపవలసినవారికీ ఇవ్వకు. రెండో గ్లాసు అడిగినవాళ్లకు ముందు మంచినీళ్లు పెట్టు.

ఈసారి కలిపినప్పుడు 10 మి.లీ. ఊటతో మొదలుపెట్టి, రుచి చూసి, చాలకపోతే మరో చెంచా కలుపు. ఎంత దగ్గర ఆగావో నాకు రాయి.

ఇట్లు,
నీ మామయ్య