ఆరు గంటలు మోగే జనరేటర్ గంటలో ఆగాలంటే

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం జనరేటర్ గోలే. ఆర్వీ అంటే పడక, వంటగట్టు, బాత్రూమ్ అన్నీ ఉన్న బండి. దాన్ని తీసుకెళ్లి కరెంటు ప్లగ్ అన్నదే లేని చోట నాలుగు రోజులు ఆపుకుని కూర్చోవాలనుకునేవాళ్లకి ఇది తప్పని తలనొప్పి. కొందరు మోత పెడుతున్నవాళ్లు, కొందరు మోత వింటున్నవాళ్లు. ఇద్దరికీ ఇక్కడే చెప్పేస్తున్నాను.

ప్రశ్న: తక్కువకి వస్తోందని 4000 వాట్ల జనరేటర్ కొన్నాం, కట్టడాల దగ్గర పనివాళ్లు వాడే రకం. మొదటి ట్రిప్‌లోనే పక్క బండివాళ్లు వచ్చి ‘ఇంకెంతసేపండీ’ అని అడిగారు. అప్పుడు మేం నడుపుతున్నది రెండు ఫోన్ చార్జర్లు, ఒక ల్యాప్‌టాప్, అంతే. ఇంత చిన్న పనికి అంత మోత ఎందుకు? సైలెన్సర్ మారిస్తే తగ్గుతుందా?

జవాబు: మీరు ఫోన్ చార్జ్ చేస్తున్నారా, ఏసీ నడుపుతున్నారా అన్నది ఆ జనరేటర్‌కి పట్టదండీ. 60 హెర్ట్జ్ కరెంటు ఇవ్వాలంటే దాని ఇంజిన్ నిమిషానికి 3600 సార్లు తిరగాల్సిందే, 50 హెర్ట్జ్ అయితే 3000 సార్లు. లోడ్ ఉన్నా లేకపోయినా అదే వేగం, ఇంచుమించు అదే రొద. ఇన్వర్టర్ జనరేటర్ అలా కాదు. అది తన కరెంటుని ముందు డీసీగా, అంటే బ్యాటరీ ఇచ్చే రకం కరెంటుగా మార్చి, తర్వాత లోపలి ఎలక్ట్రానిక్స్‌తో మళ్లీ మామూలు కరెంటుగా తయారుచేస్తుంది కాబట్టి ఇంజిన్ ఏ వేగంతో తిరిగినా ఫర్వాలేదు. ఎకో స్విచ్ నొక్కితే తక్కువ లోడ్ ఉన్నప్పుడు ఇంజిన్ నెమ్మదిస్తుంది, పెట్రోలూ మిగులుతుంది.

సైలెన్సర్ మార్చినా మీకు పెద్దగా ఒరిగేదేం లేదు. చప్పుడు గొట్టంలోంచి మాత్రమే రాదు, ఇంజిన్ ఒళ్లంతా, ఫ్యాన్, గాలి పీల్చుకునే చోటు, ఆ ఇనప చట్రం, అన్నీ మోగుతాయి.

ఇక డబ్బా మీద అంకెల గురించి. హోండా ఈయూ 2200ఐ అనే బాగా తెలిసిన మోడల్‌కి 48 నుంచి 57 డెసిబెల్స్ అని ఉంటుంది. అది 7 మీటర్ల దూరంలో కొలిచినది, 48 పావు లోడ్ దగ్గర, 57 పూర్తి లోడ్ దగ్గర. కొన్ని కంపెనీలు తక్కువ అంకె ఒక్కటే పెద్ద అక్షరాలతో వేసి ఊరుకుంటాయి, కాబట్టి ఎంత దూరంలో, ఎంత లోడ్‌లో అని చూడకుండా ఆ అంకెని నమ్మకండి. ఇంకో రెండు లెక్కలు గుర్తుంచుకుంటే చాలు. ఆరుబయట దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతాయి, 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి చప్పుడు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. అమెరికా నేషనల్ పార్కుల నిబంధనల్లో 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదని ఉంది. మీలాంటి జనరేటర్లు 7 మీటర్ల దగ్గరే 70 దాటిపోవడం మామూలే, అంటే 15 మీటర్ల దగ్గర 63, 64 ఉంటుంది, తప్పినట్టే. అయినా ఆ 60 లోపు ఉంటే పక్కవాళ్లు హాయిగా నిద్రపోతారని అనుకోవద్దు. ఆ కొలత మంద్రంగా వచ్చే హూంకారాన్ని తక్కువ లెక్కేస్తుంది, కానీ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఆర్వీ) పల్చటి గోడల్లోంచి దూరి దిండు దాకా వచ్చేది సరిగ్గా అదే.

నా సంగతీ చెబుతాను. మొదట్లో నాదీ మీలాంటి జనరేటరే. తెలివిగా దాన్ని ఒక పెద్ద బండరాయి పక్కన పెట్టాను, అడ్డంగా ఉంటుంది కదా అని. తీరా చూస్తే నేను పెట్టింది రాయికి ఇవతలి వైపు. చప్పుడంతా రాయికి తగిలి తిన్నగా పక్క ట్రైలర్ మీదకి వెళ్లింది. వాళ్ల కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటుంటే గానీ నాకు వెలగలేదు. దాన్ని రాయికి అటువైపు పెట్టి, గొట్టం ఎవరూ లేని దిక్కుకి తిప్పి, కింద మందపాటి రబ్బరు చాప వేశాక కాస్త తెరిపిన పడ్డాం. మీరు దాన్ని అమ్మేసి చిన్న ఇన్వర్టర్ జనరేటర్ కొనుక్కోండి. అమ్మేదాకా ఈ మూడు పనులూ చేయండి.

ప్రశ్న: మా ఆర్వీలో 13,500 బీటీయూ (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ, మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్నాయి. 2200 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ సరిపోతుందని ఒకరు, 3500 కావాలని ఒకరు. ఏది నిజం?

జవాబు: ఇద్దరూ సగం నిజమే చెప్పారు. ముందుగా ఒక విషయం, 2200 అన్నది ఆ జనరేటర్ కొద్దిసేపు మాత్రమే ఇవ్వగలిగేది. ఆగకుండా ఇచ్చేది 1800 వాట్లే. మీ ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు 1300 నుంచి 1500 వాట్లు తీసుకుంటుంది, అది బాగానే సరిపోతుంది. చిక్కంతా కంప్రెసర్ మొదలయ్యే ఆ ఒక్క క్షణంలో. అప్పుడది నడిచేటప్పటికంటే రెండు, మూడు రెట్లు లాగుతుంది. జనరేటర్ ఒక్కసారి గుర్రుమని మూలిగి, ఓవర్‌లోడ్ ఎర్ర లైటు వెలిగించి కరెంటు ఆపేస్తుంది. ఇంజిన్ మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంటుంది. సాఫ్ట్ స్టార్టర్ అని చిన్న పెట్టె దొరుకుతుంది, ఏసీకి బిగిస్తే ఆ మొదటి లాగుడుని బాగా తగ్గించి కంప్రెసర్‌ని మెల్లగా లేపుతుంది. అది పెట్టుకున్న చాలామంది 2200తోనే ఈ సైజు ఏసీ నడుపుకుంటున్నారు.

కానీ ఏసీ ఒక్కటే నడవాలి. మైక్రోవేవ్ మీద 1000 వాట్లు అని ఉంటే అది వంటకి అందే వేడి మాత్రమే, ప్లగ్ నుంచి లాగేది 1500 దాకా ఉంటుంది. ఫ్రిజ్ గ్యాస్‌తో నడిచే రకమైతే గ్యాస్ మీదే ఉంచండి. బ్యాటరీ చార్జరూ ఆ పక్కన తన వంతు లాగుతూనే ఉంటుంది. దాన్ని మనం మర్చిపోతాం, చాలాసార్లు అర్థంకాని ఓవర్‌లోడ్‌కి కారణం అదే.

కొండల మీదకి వెళ్తే ఇంకో దెబ్బ ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడి ఇంజిన్‌కి ఊపిరి అందదు, ప్రతి 300 మీటర్లకీ సుమారు 3 నుంచి 3.5 శాతం శక్తి పోతుంది. 2000 మీటర్ల ఎత్తులో మీ 1800 కాస్తా 1400 చుట్టుపక్కలకి దిగుతుంది. కింద చక్కగా నడిచిన ఏసీ అక్కడ మొరాయిస్తే జనరేటర్ పాడైందని రిపేరుకి పరుగెత్తకండి. ఎత్తయిన చోట్ల ఏసీ కావాలంటే అలాంటివే రెండు కొని ప్యారలల్ కేబుల్‌తో కలుపుకోవచ్చు. ఒకేలాంటివి రెండు కలిసి మోగినా పెరిగేది 3 డెసిబెల్సే, పైగా ఏసీ అక్కర్లేని రోజు ఒక్కటే బయటికి తీస్తారు. 3500ది ఒక్కటే కొంటే మోయడానికి నడుం పోతుంది.

రాత్రంతా ఏసీ కావాలంటే మాత్రం నా సలహా వేరు. ఆ 2200 మోడల్ ట్యాంకు 3.6 లీటర్లు, పావు లోడ్‌లో 8 గంటలు వస్తుంది గానీ పూర్తి లోడ్‌లో 3 గంటలు దాటితే గొప్ప. అర్ధరాత్రి టార్చి లైటు పట్టుకుని వేడి ఇంజిన్‌లో పెట్రోలు పోయడం ప్రమాదం. అంత వేడి రోజుల్లో ప్లగ్ ఉన్న చోటుకే వెళ్లండి, లేదా చల్లటి ఎత్తుకి వెళ్లండి.

ప్రశ్న: ఏసీ వాడం, పెద్ద ఖర్చేమీ లేదు. అయినా తెల్లవారుజామున నాలుగింటికి బ్యాటరీ అయిపోతోంది, హీటర్ ఆగిపోయి చలికి లేస్తున్నాం. మా నాన్నగారి సీప్యాప్ మెషీన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి తోసేది) కూడా ఆగిపోతే టెన్షన్. ఉన్నది 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి. పగలు జనరేటర్‌కి ఉన్న 12 వోల్టుల సాకెట్‌తో ఐదారు గంటలు చార్జ్ చేస్తున్నాం. ఎక్కడ తప్పు?

జవాబు: తప్పు రెండు చోట్ల ఉంది, రెండోదే పెద్దది.

ముందు రాత్రి లెక్క. లెడ్ యాసిడ్ బ్యాటరీ పాడవకుండా ఉండాలంటే సగమే వాడాలి, అంటే మీ చేతిలో ఉన్నది 50 ఆంపియర్-అవర్లు, ఒక ఆంపియర్ చొప్పున 50 గంటలు. హీటర్ గ్యాస్‌తో మండినా వేడి గాలిని తోసే ఫ్యాన్ 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటల రాత్రిలో అది సగం సేపు తిరిగినా 30 పోయింది. సీప్యాప్ తేమ పెట్టే హీటర్ లేకుండా ఓ 35 వాట్లు అనుకుంటే రాత్రికి 280 వాట్-అవర్లు, 12 వోల్టులతో భాగిస్తే ఇంకో 23, 24. లైట్లు, పంపు లెక్కేయకముందే 50 దాటేశారు. నాన్నగారి మెషీన్‌కి తేమ హీటర్, వేడి గొట్టం ఉంటే ఖర్చు అంతకంటే బాగా పెరుగుతుంది. అవి ఆపుకోవచ్చా అని ఆయన డాక్టర్ని ఒక మాట అడగండి. బ్యాటరీ డీసీని మామూలు కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌తో కాకుండా ఆ మెషీన్‌కి సరిపోయే డీసీ అడాప్టర్‌తో నేరుగా బ్యాటరీ నుంచి నడపండి, మార్పిడిలో పోయేది మిగులుతుంది. అన్నిటికంటే ముందు, ఆ మెషీన్‌కి విడిగా ఒక బ్యాటరీ పెట్టండి, హీటర్ ఫ్యాన్‌తో దానికి పోటీ వద్దు.

ఇక రెండోది, ఆ 12 వోల్టుల సాకెట్. చూడ్డానికి బ్యాటరీ కోసమే పెట్టినట్టు ఉంటుంది కాబట్టి అందరూ దాంట్లోనే క్లిప్పులు పెడతారు. దాంట్లోంచి వచ్చేది 8 ఆంపియర్లు. అంటే 50 నింపడానికి ఆరు గంటల పైమాటే, ఆ ఆరు గంటలూ ఇంజిన్ మోగుతూనే ఉంటుంది. దాని బదులు ట్రైలర్ కరెంటు వైరుని జనరేటర్ మామూలు సాకెట్‌లో పెట్టండి. అప్పుడు ట్రైలర్ లోపలి చార్జర్ పనిచేస్తుంది, అవి సాధారణంగా 45, 55 ఆంపియర్లవి. అయితే ఇక్కడొక మెలిక. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒంటరిగా 20, 25 ఆంపియర్లకి మించి ఒంటబట్టించుకోదు, అదీ 80 శాతం నిండేదాకానే. తర్వాత చివరి 20 శాతం గంటలకి గంటలు నెమ్మదిగా తాగుతుంది. ఆ ఆఖరి గుక్కల కోసం జనరేటర్ నడపడం శుద్ధ దండగ. పొద్దున్న గంటా గంటన్నర నడిపి ఆపేయండి, మిగతాది 200 వాట్ల సోలార్ ప్యానెల్‌కి వదిలేయండి. మంచి ఎండలో పైకప్పు మీద పడుకోబెట్టిన 100 వాట్ల ప్యానెల్ రోజుకి 300, 400 వాట్-అవర్లు ఇస్తుంది. చెట్ల నీడలో బండి పెడితే ఆశ వదులుకోండి, ప్యానెల్ మీద ఓ మూల కొమ్మ నీడ పడినా దిగుబడి బాగా పడిపోతుంది.

డబ్బు ఒక్కచోటే పెట్టగలనంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మీద పెట్టండి, కొత్త జనరేటర్ మీద కాదు. అదే 100 సైజులో దాదాపు మొత్తం వాడుకోవచ్చు, పైగా 50 ఆంపియర్లిచ్చినా వద్దనదు. నిన్నటి ఆరు గంటల మోత గంట సేపటికి దిగుతుంది. రెండు జాగ్రత్తలు. లిథియంకి తగ్గ చార్జర్ ఉందో లేదో చూసుకోండి, సున్నా డిగ్రీల కంటే చల్లబడిన బ్యాటరీని చార్జ్ చేయకండి. చలి చోట్ల దాన్ని బండి బయట కాకుండా లోపల పెట్టుకోవాలి.

ప్రశ్న: జనరేటర్ని చెక్క పెట్టెలో పెట్టి మూసేస్తే చప్పుడు తగ్గుతుంది కదా? లేదా ట్రైలర్ కిందకి తోసేస్తే?

జవాబు: ట్రైలర్ కింద అన్న మాట మళ్లీ అనకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, రంగు లేదు, వాసన లేదు, నేలలోని చిన్న సందులోంచి లోపలికి వస్తే నిద్రలోనే ప్రాణం పోతుంది. కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం మీ బండికీ పక్కవాళ్ల బండికీ దూరంగా తిప్పి పెట్టాలి. గాలి మళ్లితే గొట్టమూ మళ్లాలి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో ప్రతి ట్రిప్‌కీ బటన్ నొక్కి చూడండి. మూసేసిన పెట్టెలో ఇంజిన్ తన వేడికి తనే మాడిపోతుంది. పక్కన అడ్డుపలక నిలబెట్టుకోండి, చుట్టూ గాలి ఆడేలా.

ప్రశ్న: కొత్త ఇన్వర్టర్ జనరేటర్ పెడితే మా సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటులో తేడా ఉంటే బండిని కాపాడే పెట్టె) తప్పు చూపించి కరెంటు లోపలికి రానివ్వడం లేదు. జనరేటర్ వెనక్కిచ్చేయాలా?

జవాబు: వద్దు. అలాంటి చాలా జనరేటర్లలో న్యూట్రల్, ఎర్త్ ఒకదానికొకటి కలపకుండా వదిలేస్తారు, మీ ప్రొటెక్టర్ దాన్ని వైరింగ్ తప్పు అనుకుంటోంది. ఆ రెంటినీ కలిపే బాండింగ్ ప్లగ్ అని విడిగా దొరుకుతుంది, జనరేటర్ రెండో సాకెట్‌లో పెడితే చాలు. మీ మోడల్‌కి అది పనికొస్తుందో లేదో పుస్తకంలో చూసి కొనండి. ప్లగ్ ఉన్న చోటుకి వెళ్లినప్పుడు మాత్రం దాన్ని వాడకూడదు.

ప్రశ్న: నాకు జనరేటర్ లేదు, సోలార్ మీదే బతుకుతాను. పక్క బండివాళ్లు రూల్ ప్రకారం ఉన్న సమయంలోనే నడుపుతున్నారు, కానీ ఆ మొత్తం సమయమూ నడుపుతున్నారు. గొడవ కాకుండా ఎలా చెప్పాలి?

జవాబు: మోత గురించి మాట్లాడుతూ వెళ్తే గొడవే అవుతుంది. ‘బ్యాటరీ ఎక్కడం లేదా అండీ’ అంటూ వెళ్లండి. పోయినసారి నేను అలాగే వెళ్లాను, వెళ్తూనే జనరేటర్ ముందుభాగం వైపు చూశాను. పెద్ద సాకెట్లు రెండూ ఖాళీ. 12 వోల్టుల సాకెట్‌లోంచి ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు బ్యాటరీ దాకా పాకి ఉన్నాయి. మూడు రోజులుగా అలాగే చార్జ్ చేస్తున్నారట, అయినా సాయంత్రానికి లైట్లు మసకబారుతున్నాయట. ట్రైలర్ వైరు తీసి పెద్ద సాకెట్‌లో పెట్టించాను, లోపల చార్జర్ ఫ్యాన్ తిరిగిన చప్పుడు విని ఆ బండి ఆవిడే ఆశ్చర్యపోయింది. ఆ మధ్యాహ్నానికల్లా జనరేటర్ ఆపేశారు.