క్యాంపు పెట్టేముందు ఒక్క మాట, అల్లుడూ

అల్లుడూ,

డిసెంబరు ఒకటిన లారీ యార్డులో హెచ్ఐవీ పరీక్షల క్యాంపు పెడుతున్నావని, బ్యానరుకు కూడా ఆర్డరిచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. అయితే నా మాట విని పెట్టు.

నేను యూనియన్ సెక్రటరీగా ఉన్నప్పుడు ఇదే పని చేశాను. ఆఫీసు వరండాలో టేబుల్ వేసి, వేలు గుచ్చి పరీక్షలు చేయించాం. అందర్నీ పొమ్మన్నారు. ఒక్క క్లీనర్ కుర్రాణ్ణి మాత్రం వెనక్కి పిలిచి, పెద్దాసుపత్రిలో ఇంకోసారి చేయించుకోమని చీటీ రాసిచ్చారు. వాడు ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకోవడం బెంచీ మీదున్న పదిమందీ చూశారు. సాయంత్రానికి యార్డంతా తెలిసిపోయింది. వారం తిరక్కుండా ఓనరు వాణ్ణి బండి దించేశాడు. తర్వాత ఎక్కడికి పోయాడో, మందులు వాడాడో లేదో నాకు ఈరోజుకీ తెలీదు. ఆ తప్పు నాది.

అందుకే మాట బయటికి పోకుండా, పని పోకుండా ముందు ఏర్పాటు చెయ్యి. బీపీ, షుగరు, కంటి పరీక్షలతో కలిపి పెట్టు. హెచ్ఐవీ పరీక్షకు తలుపున్న గది ఉండాలి. చేయించుకునేదీ లేనిదీ మనిషి ఇష్టం. ఫలితం ఏదైనా అందరికీ ఒకేలాంటి కవరు ఇవ్వమను.

ఓనర్లతో మాట్లాడేటప్పుడు చట్టం చేతిలో పట్టుకుపో. 2017లో చేసిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పరీక్ష చేయించుకొస్తేనే పనిస్తామనకూడదు, హెచ్ఐవీ ఉందన్న ఒక్క కారణంతో తీసెయ్యకూడదు. వందమంది, అంతకు మించి ఉండే చోట ఫిర్యాదులు వినే అధికారిని పెట్టాలి. మన ఓనర్ల దగ్గర ఉండేది నలుగురైదుగురే గానీ, పెద్ద ఫ్యాక్టరీల్లో అంతమంది ఉంటారు కదా. అక్కడి సంఘాలవాళ్లను కలుపుకో, ఆ అధికారి పేరు బోర్డు మీద రాయించమను.

అన్నిటికన్నా గట్టిగా అడగాల్సింది సెలవు. హెచ్ఐవీ మందు 2004 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4, అంటే రోగాన్ని ఎదిరించే రక్తకణాల లెక్క, ఎంతున్నా అందరికీ ఇస్తున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకొక్క మాత్రే. కానీ దానికోసం తిరుపతి రుయా ఆసుపత్రికో చిత్తూరు పెద్దాసుపత్రికో పోతే ఆరోజు కూలి పోయినట్టే. లాంగ్ ట్రిప్పులో ఉన్నవాడైతే మాత్రలు అయిపోయినా రాలేడు. మధ్యలో ఆపితే వైరస్ మళ్లీ లేస్తుంది, మందుకు లొంగకుండా పోవచ్చు. నాకు తెలిసిన డ్రైవర్ ఒకాయన, మాత్రల డబ్బా గలగలమంటే క్లీనర్‌కు అనుమానం వస్తుందని లోపల దూది కూరేవాడు. అంత భయంలోనూ ఒక్కరోజు మానలేదు, ఇప్పటికీ బండి తోలుతున్నాడు. మాత్ర సరిగ్గా వేసుకుని, పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గినవాళ్ల నుంచి భార్యకైనా భర్తకైనా కలయిక వల్ల అంటదు. ఈ మాట యార్డులో పదిసార్లు చెప్పు.

ఆసుపత్రుల్లో ఊడ్చే కాంట్రాక్టు అమ్మలను మరిచిపోవద్దు. వాడిన సూది గుచ్చుకుంటే వెంటనే, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మందు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. గ్లౌజులు, ఆ మందు అడిగిన గంటలో అందాలన్నది మీ డిమాండ్లలో రాయి.

ఇది యూనియన్ పనా అని మనవాళ్లే అంటారు. ఇది ఎక్కడో దూరపు సంగతి కాదు, దేశంలో మొదటి హెచ్ఐవీ కేసులు బయటపడ్డది 1986లో, చెన్నైలో తీసిన రక్తాన్ని మన పక్కనున్న వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పరీక్షిస్తేనే అని చెప్పు. దక్షిణాఫ్రికాలో చవక మందులకు అడ్డంపడి 39 కంపెనీలు కోర్టుకెక్కితే, రోగులతో పాటు కొసాటు అనే కార్మిక సమాఖ్య కూడా రోడ్డెక్కింది. 2001లో ఆ కంపెనీలు కేసు వెనక్కి తీసుకున్నాయి. అదే ఏడాది మన దేశపు మందుల కంపెనీ సిప్లా రోజుకు డాలరు కన్నా తక్కువకే హెచ్ఐవీ మందిస్తామంది.

ఈసారి కూలి ఒప్పందం రాసేటప్పుడు, నెలకోరోజు ఆసుపత్రి సెలవు, కారణం అడక్కుండా, కూలి కోయకుండా అని ఒక పేరా పెట్టించు. కారణం రాయాలంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఎవరైనా నీతో కూడా చెప్పుకోలేకపోతే 1097కు ఫోన్ చెయ్యమను, డబ్బు పడదు. ఆదివారం ఒప్పందం కాగితం తీసుకుని ఇంటికి రా, ఆ పేరా ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ మామ,
చిత్తూరు