మా అయోవా అమ్మమ్మ

ప్రశ్న: మేడమ్, మీ జవాబుల్లో అప్పుడప్పుడూ ‘మా అయోవా అమ్మమ్మ’ అంటుంటారు. తెలుగావిడకు అయోవాలో అమ్మమ్మ ఎక్కడిదండీ? ఆవిడ గురించి కాస్త చెప్పండి.

జవాబు: ఆవిడ మా వారి అమ్మమ్మ. పుట్టిందీ, పెరిగిందీ, పోయిందీ అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డెకొరా ఊరి దగ్గరే. పూర్వీకులు నార్వే నుంచి వచ్చి అక్కడ వ్యవసాయం చేసుకున్నారు. వాళ్ల భాషలో అమ్మ ‘మోర్’, అమ్మకి అమ్మ ‘మోర్‌మోర్’. “మాకూ అంతే, అమ్మకి అమ్మ అమ్మమ్మ” అన్నాను పెళ్లయిన కొత్తలో. ఆవిడకి ఎంత నచ్చిందో! నా చేత అలాగే పిలిపించుకుంది.

ఆవిడ చెప్పిన ఒక సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1918లో, అయోవా గవర్నరు బడిలో, చర్చిలో, రైల్లో, ఆఖరికి ఫోన్లో కూడా ఇంగ్లిష్ తప్ప మరో భాష వినపడకూడదని ప్రకటన చేశాడు. యుద్ధం అయ్యాక ప్రకటన పోయింది, వాళ్లమ్మకి భయం పోలేదు. బజారుకెళితే పిల్లల చెయ్యి నొక్కి “ఇంగ్లిష్‌లో మాట్లాడు” అనేదట. ఈవిడా తన పిల్లలకి నార్వేజియన్ నేర్పలేదు.

లెఫ్సా చేయడం మాత్రం అందరికీ నేర్పింది. క్రిస్మస్ ముందు చేసే బంగాళాదుంప రొట్టె అది. ఉడికిన దుంపల్ని మెత్తగా నొక్కి, వెన్న, క్రీమ్ కలిపి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున మైదా కలిపేది. గీతలు చెక్కిన కర్రతో వత్తేది. చపాతీలా అదిమితే చిరుగుతుంది. పొడవాటి చెక్క బద్దని రొట్టె నడిమికి దూర్చి లేపితే, రెండు పక్కలా తడిగుడ్డలా వేలాడేది. నాది చిరిగితే, “వెన్న రాస్తే కనపడదులే” అనేది.

భోజనం ముందు ఇంటిల్లిపాదీ నార్వేజియన్‌లో ఒక చిన్న ప్రార్థన చెప్పేవాళ్లు. మా వారికి నోటికొచ్చు, అర్థం తెలీదు. ఒక క్రిస్మస్‌కి వంటింట్లో అడిగాను. చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని కూర్చుని, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ‘గోర్ వీ తిల్ బూర్ష్’ అంటే ‘భోజనం బల్ల దగ్గరికి వెళ్తున్నాం’ అని. పలుకుబడి పోకుండా ఓ కవరు వెనక తెలుగులో రాసుకున్నాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, “నా ప్రార్థన ఇలా ఉంటుందా!” అంటూ చాలాసేపు చూసింది.

ఆ రాత్రి బల్ల దగ్గర మా వారికి, మా అత్తగారికి దాని అర్థం చెప్పింది నేనే. అమ్మమ్మ నా పక్కనే కూర్చుని, నేనెక్కడైనా తడబడితే అందిస్తూ ఉంది.