వాంతులు తగ్గాయని ఆపరేషన్ వాయిదా వేయొద్దు

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. నెల రోజులుగా పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో సిరప్ తెచ్చి పట్టాం. నడుస్తూ తూలుతుంటే ఎమ్మారై తీయించాం. చిన్నమెదడులో గడ్డ ఉందని, మెదడులో నీరు చేరిందని, మెడుల్లోబ్లాస్టోమా (పిల్లల చిన్నమెదడులో వచ్చే ఒక రకం క్యాన్సర్ గడ్డ) కావచ్చని రాశారు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు వాడాక వాంతులు ఆగాయి. ఆపరేషన్ లేకుండా చెన్నైలో ప్రోటాన్ థెరపీ (ఒక రకం రేడియేషన్ చికిత్స) చేయించవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ప్రోటాన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ నీటి సంగతి తేలాలి. గడ్డ అడ్డుపడి మెదడులోని నీరు కిందికి దిగకపోతే తలలో ఒత్తిడి పెరుగుతుంది. పొద్దుటి వాంతులు అందుకే. డెక్సామెథాసోన్ వాపును తగ్గిస్తుంది, అడ్డును తీయదు. పాత చీటీ చూపించి ఆ మందును మళ్లీ మళ్లీ కొనకండి, మీ అంతట మీరు ఆపేయనూ వద్దు. మోతాదు డాక్టరే తగ్గించాలి. నెల రోజులు గ్యాస్ సిరప్‌తో గడిపారు, ఇప్పుడు స్టెరాయిడ్‌తో ఇంకో నెల గడపకండి. బాబు మత్తుగా పడి ఉన్నా, వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

బాబును చూడకుండా ఇంతకు మించి గట్టిగా చెప్పలేను. అయితే మీరు తలకు తీసిన ఎమ్మారై గురించే రాశారు. ఈ గడ్డ కణాలు వెన్నునీటిలో కలిసి వెన్నుపాము దాకా పాకవచ్చు కాబట్టి వెన్ను మొత్తానికీ కాంట్రాస్ట్ ఎమ్మారై (రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసేది) కావాలి, వీలైతే ఆపరేషన్‌కు ముందే. ఆ కణాల కోసం వెన్నునీటిని కూడా పరీక్షిస్తారు, కానీ తలలో ఒత్తిడి ఉన్నప్పుడు వెన్నులో సూది గుచ్చి నీరు తీయడం ప్రమాదం. ఆ పరీక్ష సాధారణంగా ఆపరేషన్ అయిన రెండు వారాలకు చేస్తారు.

ఆపరేషన్‌తో గడ్డ తగ్గుతుంది, చాలామందిలో నీటికి దారి దొరుకుతుంది, బయాప్సీకి ముక్కా వస్తుంది. ఇదే చోట ఎపెండైమోమా అనే మరో రకం గడ్డ కూడా వస్తుంది, దాని చికిత్స వేరు. కొందరు పిల్లలకు ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మాట ఆగిపోతుంది. ఈ విషయం సర్జన్‌ను ముందే అడగండి.

మెడుల్లోబ్లాస్టోమా అని తేలితే మామూలుగా 4–6 వారాల్లో మెదడుకు, వెన్నుకు రేడియేషన్ మొదలుపెడతారు, తర్వాత కీమో. ప్రోటాన్‌తో గుండెకు, పేగులకు తగిలే రేడియేషన్ తగ్గుతుంది, నిజమే. కానీ దానికోసం నెలలు ఆగడం కన్నా దగ్గర్లో దొరికే మామూలు రేడియేషన్ సమయానికి మొదలవడమే మేలు. గడ్డ దాదాపు అంతా తీసేసి, ఎక్కడికీ పాకకపోతే నూటికి 70–80 మంది పిల్లలు జబ్బు బయటపడ్డాక ఐదేళ్లకు మించి బతుకుతున్నారు. ఎదుగుదల, థైరాయిడ్, వినికిడి, చదువు మీద మాత్రం ఏళ్ల తరబడి కన్నేసి ఉంచాలి.

ఫిల్ములన్నీ పట్టుకుని రేపే న్యూరోసర్జన్‌ను కలవండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.