ఒకేలా కనిపించే రెండు ‘వరంగల్’లు ఆర్‌లో ఎందుకు కలవడం లేదు?

మీరు అడిగింది టూకీగా ఇదీ. 2011 జనగణన పట్టిక ఒకటి, జిల్లాల మ్యాపు తాలూకు పట్టిక ఇంకొకటి. రెండిట్లోనూ తెలంగాణ పాత పది జిల్లాల పేర్లు తెలుగులోనే ఉన్నాయి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, పట్టికలతో పనిచేసే ప్యాకేజీ డీప్లైయర్‌లో లెఫ్ట్_జాయిన్ చేస్తే (రెండు పట్టికలనూ పేరును బట్టి జత చేస్తే) ఖమ్మం, నల్లగొండ, రంగారెడ్డి మాత్రం కలిశాయి. మిగతా ఏడింటికీ జనాభా గడిలో ఎన్‌ఏ (విలువ లేదన్న గుర్తు) వచ్చి కూర్చుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చూస్తే పేర్లు అచ్చు ఒకేలా ఉన్నాయి. కాలేజీ ల్యాబ్‌లోని విండోస్ మెషిన్‌లో, ఆర్ 4.1లో తెరిస్తే పేర్ల బదులు కోణపు బ్రాకెట్లలో ఏవో అంకెలు. ప్యాకేజీ తీసేసి మళ్ళీ వేసినా మార్పు లేదన్నారు.

ప్యాకేజీ జోలికి వెళ్ళకండి, అది బాగానే ఉంది. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. కలవని ఏడు పేర్లూ ఒకసారి వరసగా చదవండి: ఆదిలాబాద్, నిజామాబాద్, హైదరాబాద్, కరీంనగర్, మహబూబ్‌నగర్, మెదక్, వరంగల్. అన్నీ పొల్లు హల్లుతో ముగుస్తున్నాయి. కలిసిన మూడింటిలో ఖమ్మం చివర సున్నా, మిగతా రెండిటి చివర అచ్చు. పదిలో ఏడు ఇంత చక్కగా ఒక పక్కకు చీలాయంటే అది తెలుగు రాతకు సంబంధించిన గొడవే తప్ప ఆర్‌ది కాదు.

మీ రెండు పట్టికల్లో ఒకదాంట్లో పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. ‘మహబూబ్‌నగర్’లో బ్ తర్వాత అది లేకపోతే న కాస్తా బ కింద ఒత్తై కూర్చుంటుంది. అలా మాట మధ్యలో దాని అవసరం నిజంగానే ఉంది. (నేను రాస్తున్న ఈ జవాబులోనూ బోలెడున్నాయి, ‘ఆర్‌లో’ అన్న ప్రతిచోటా ఒకటి.) మాట చివర మాత్రం దానికి పనేమీ లేదు, తర్వాత హల్లే రాదు కదా. అయినా కొన్ని కీబోర్డులు, పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు పొల్లు కనపడిన ప్రతిచోటా దాన్ని తగిలించేస్తాయి. పత్రికల వెబ్ పేజీల్లోంచి కాపీ చేసిన మాటల చివర కూడా తరచూ దొరుకుతుంది.

మీరు విసుక్కున్న ఆ ల్యాబ్ మెషినే ఈ విషయంలో మీకు మేలు చేసింది. మీరు పెట్టిన అవుట్‌పుట్‌లో మొదటి పట్టికలోని వరంగల్ చూడండి, ఒక్కో గుర్తుకూ యూనికోడ్ ఇచ్చిన నంబరు పదహారు ఆధారంగా (హెక్స్) రాసి ఉంది: 0సి35, 0సి30, 0సి02, 0సి17, 0సి32, 0సి4డి. వ, ర, సున్నా, గ, ల, పొల్లు. ఆరు ముక్కలు. రెండో పట్టికలో అవే ఆరు, ఆ తర్వాత ఏడోది 200సి. దొంగ అదే. కొత్త మెషిన్‌లో అక్షరాలు అందంగా వచ్చాయి కాబట్టి ఆ ఏడోది మీ కంట పడలేదు.

మీ ల్యాప్‌టాప్‌లోనే రుజువు కావాలంటే యూటీఎఫ్8టూఇంట్ అనే ఫంక్షన్ ఉంది, ఆర్‌తోపాటే వస్తుంది, ఏ ప్యాకేజీ అక్కర్లేదు. (ఫంక్షన్ పేర్లు పలికినట్టు రాస్తున్నాను. ఇందులో టూలోని టీ, ఇంట్‌లోని ఐ పెద్దక్షరాలు. ఆర్ ఈ తేడా పట్టించుకుంటుంది.) ఒక్కో పేరూ దానికిస్తే దశాంశ అంకెలు చేతిలో పెడుతుంది. మామూలు వరంగల్‌కు 3125, 3120, 3074, 3095, 3122, 3149 వస్తాయి. రెండోదానికి ఇవే వచ్చి చివర 8204 ఉంటుంది, ఇందాకటి 200సి దశాంశంలో ఇదే. ఎన్‌చార్‌తో పొడవు అడిగితే ఒకదానికి 6, ఇంకోదానికి 7. తమాషా ఏమిటంటే, స్ట్రింగై ప్యాకేజీలో మనిషి కంటికి కనిపించే అక్షరాలు లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. స్ట్రి_కౌంట్_బౌండరీస్‌కు టైప్ దగ్గర క్యారెక్టర్ అని ఇచ్చి అడిగితే రెండిటికీ 4 అనే చెబుతుంది: వ, రం, గ, ల్. అంటే మీ కన్ను తప్పు చూడలేదు. జాయిన్ చేసేటప్పుడు ఆర్ పోల్చేది కంటికి కనిపించే అక్షరాలను కాదు, కింద ఉన్న అంకెల వరసను.

ఊళ్ళ పేర్ల పట్టికలతోనే నా ఉద్యోగం కాబట్టి ఇది నాకు పాత పరిచయం. ఒక సర్వేలో మండలాలవారీగా మొత్తాలు కూడితే ‘మెదక్’ రెండు వరుసల్లో వచ్చింది, రెండు వేర్వేరు మొత్తాలతో. మా సీనియర్ మేడమ్ ప్రింటౌట్ మీద రెండు మెదక్‌లకూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. పక్కన ఒక్క ప్రశ్నార్థకం, అంతే. ఫీల్డు నుంచి వచ్చిన ఫైళ్ళు తిరగేస్తే సంగతి తేలింది. కొందరు ఫోన్‌లోనే పేర్లు కొట్టి పంపారు, కొందరు పాత అను (యూనికోడ్‌కు ముందటి తెలుగు ఫాంట్లు) ఫైళ్ళను కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేసి పంపారు. ఫోన్‌లో కొట్టినవాటిలో 8204 లేదు, కన్వర్టర్‌లోంచి వచ్చినవాటిలో ఉంది. గ్రూప్_బై వాటిని విడివిడి మండలాలుగా లెక్కేసింది. జాయిన్‌లో ఎన్‌ఏ రూపంలోనైనా బయటపడుతుంది. కూడికల్లో అయితే వందల వరుసల మధ్య ఇలా రెండుగా చీలిన పేరు ఎవరి కంటా పడదు. నా మట్టుకు నాకు ఇదే ఎక్కువ ప్రమాదం.

ఇక మందు. ట్రిమ్‌డబ్ల్యూఎస్ వాడి చూశానని రాశారు, పని చేయకపోవడం సహజం. అది ఖాళీలను, ట్యాబ్‌లను, లైన్ బ్రేక్‌లను తీస్తుంది. ఈ గుర్తు యూనికోడ్ లెక్కలో ఖాళీ కిందికి రాదు. స్ట్రింగ్‌ఆర్‌లోని స్ట్ర్_ట్రిమ్, స్ట్ర్_స్క్విష్ కూడా దాన్ని ముట్టుకోవు, ఎక్సెల్‌లో ట్రిమ్ కొట్టినా అంతే. పేరు పెట్టి మరీ తీయించాలి. వెతికి మార్చే ఫంక్షన్ జీసబ్‌కు వెతకాల్సిన గుర్తుగా ఇంట్‌టూయూటీఎఫ్8 ఫంక్షన్‌తో 8204ను అందించండి, బదులుగా ఖాళీ కొటేషన్ ఇవ్వండి, ఫిక్స్‌డ్‌ను ట్రూ చేయండి. పనిలో పనిగా 8203, 8205, 65279 కూడా ఇలాగే తీసేయండి. ఇవీ కంటికి కనపడని సరుకే. 160 మాత్రం వేరు. అది మామూలు ఖాళీలాగే కనిపించే ఖాళీ, వెబ్ పేజీల నుంచి వస్తుంది, ట్రిమ్‌డబ్ల్యూఎస్ మామూలుగా దాన్నీ వదిలేస్తుంది. దాన్ని తీసేయకుండా మామూలు ఖాళీగా మార్చి, ఆ తర్వాత ట్రిమ్ చేయండి.

కానీ ఒక్క మాట. ఇదంతా అసలు పేర్ల కాలమ్ మీద చేయకండి. పక్కన ‘తాళం’ అని కొత్త కాలమ్ ఒకటి పెట్టి, శుభ్రం చేసిన పేరు అందులో వేసి, జాయిన్ దాని మీద చేయండి. ఎందుకంటే జీసబ్‌కు మాట చివరా మధ్యా అన్న తేడా తెలియదు. మహబూబ్‌నగర్ మధ్యలో ఉన్నదాన్ని కూడా పీకేస్తుంది. పోలికకు ఫర్వాలేదు, రెండు పట్టికల్లోనూ ఒకేలా పీకుతుంది కాబట్టి కలుస్తాయి. మ్యాపు మీద పేరు వేసేటప్పుడు మాత్రం బ కింద న ఒత్తుతో దర్శనమిస్తుంది. మ్యాపులో అన్ని ఒత్తులూ విడివిడిగా పడుతుంటే మాత్రం అది వేరే జబ్బు, బొమ్మ గీసే డివైస్‌కు తెలుగు కూర్పు రాకపోవడం. రాగ్ ప్యాకేజీతో సేవ్ చేస్తే నాకు సరిగా వస్తోంది.

ఇదంతా చేశాక కూడా హైదరాబాద్ ఒక్కటే మొరాయిస్తే ఆశ్చర్యపోకండి. పదింటిలో ఐత్వం ఉన్న పేరు అదొక్కటే. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. 3144 అనే ఒకే గుర్తుగా ఒక పద్ధతి, 3142 పక్కన 3158 పెట్టి రెండు ముక్కలుగా ఇంకో పద్ధతి. తెర మీద రెండూ ‘హై’ అనే కనిపిస్తాయి. స్ట్రింగైలోని స్ట్రి_ట్రాన్స్_ఎన్‌ఎఫ్‌సీ ఈ రెండింటినీ 3144 రూపానికి తెస్తుంది. నాకు ఇది అరుదుగానే తగిలింది. పాత మ్యాక్‌లలో ఫైల్ పేర్ల నుంచి ఊరి పేర్లు తీసినప్పుడు వస్తుంది, అక్కడి పాత ఫైల్ వ్యవస్థ పేర్లను ముక్కలు చేసి దాచుకుంటుంది. ఎన్‌ఎఫ్‌సీ 8204ను తీసేయదని గుర్తుంచుకోండి. ఆ రెండు పనులూ వేర్వేరు, తాళం కాలమ్‌కు రెండూ చేయండి.

‘వార్నింగ్ అయినా ఇవ్వాలి కదా’ అన్న మీ కోపం న్యాయమే. కానీ కలవనివాటికి ఎన్‌ఏ వేయడమే లెఫ్ట్_జాయిన్ పని, అది దాని దృష్టిలో తేడా కాదు. నేనైతే ఏ జాయిన్‌కైనా ముందు యాంటీ_జాయిన్ రెండు దిక్కులా వేసి చూస్తాను. ఇటు ఏవి మిగిలాయో, అటు ఏవి మిగిలాయో. ఇటు ఏడు, అటు అవే ఏడు మిగిలితే ఇక సందేహం అక్కర్లేదు. డీప్లైయర్ 1.1.0లో, అంటే 2023 జనవరి నుంచి, అన్‌మ్యాచ్‌డ్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది. దానికి ‘ఎర్రర్’ అని ఇస్తే, కుడి పట్టికలో జత దొరకని వరుస ఒక్కటి మిగిలినా లెఫ్ట్_జాయిన్ అక్కడే ఆగిపోతుంది. రిలేషన్‌షిప్‌కు ‘వన్-టు-వన్’ అని కూడా ఇవ్వండి (ఈ ఆర్గ్యుమెంట్ 1.1.1 నుంచి ఉంది). శుభ్రం చేశాక విడిగా ఉన్న రెండు పేర్లు ఒకటైపోయి, వరుసలు రెట్టింపయ్యే అవకాశం ఉంది. అప్పుడు ఎన్‌ఏలు పోయాయని సంబరపడేలోగా జనాభా రెండుసార్లు లెక్కకొస్తుంది.

ల్యాబ్ మెషిన్ సంగతి. ఆ కోణపు బ్రాకెట్లు డేటా పాడవడం కాదు. విండోస్‌లో పాత ఆర్ అక్షరాలను చూపేముందు మెషిన్ సొంత కోడ్ పేజీ (తనకు తెలిసిన అక్షరాల పట్టిక)లోకి మార్చుకునేది. ఇంగ్లీష్ విండోస్ కోడ్ పేజీలో తెలుగుకు చోటే లేదు, కాబట్టి అంకెలు చూపించి ఊరుకునేది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ 4.2.0 నుంచి విండోస్ 10లో (1903 వెర్షన్, ఆ తర్వాతవి) ఆర్ నేరుగా యూటీఎఫ్-8లోనే (యూనికోడ్ అక్షరాలన్నీ పట్టే పద్ధతి) నడుస్తోంది. ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడిగి ఆర్ మార్పించుకోవడమే ఉత్తమం. అప్పటిదాకా ఫైలు చదవడానికి రీడ్‌ఆర్ ప్యాకేజీలోని రీడ్_సీఎస్‌వీ వాడండి, అది ఎప్పుడూ యూటీఎఫ్-8 అనుకునే చదువుతుంది. మామూలు రీడ్.సీఎస్‌వీ వాడేటట్టయితే ఎన్‌కోడింగ్ వేరు, ఫైల్‌ఎన్‌కోడింగ్ వేరు. మొదటిది అక్షరాల మీద ‘ఇవి యూటీఎఫ్-8’ అని ముద్ర మాత్రం వేస్తుంది. రెండోది వాటిని మెషిన్ కోడ్ పేజీలోకి మార్చబోతుంది, ఆ పాత మెషిన్‌లో మీకు కావాల్సింది అది కాదు. ఎక్సెల్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా సేవ్ చేసిన ఫైలు మొదట్లో 65279 ఉంటుంది. మొదటి కాలమ్ పేరు దొరకడం లేదని ఆర్ అంటే అక్కడ వెతకండి.

అసలు పేర్ల మీద జాయిన్ చేయకుండా ఉండగలిగితే అంతకంటే హాయి లేదు. మీది 2011 జనగణన కాబట్టి జిల్లా కోడ్‌లు ఉంటాయి. ఈ పదింటికీ ఆదిలాబాద్ 532 దగ్గర మొదలై ఖమ్మం 541 దాకా. మ్యాపు పట్టికలోనూ ఆ కాలమ్ ఉందేమో చూడండి. కోడ్‌లను అంకెలుగా కాక అక్షరాలుగా చదివించండి. మీ పదింటికి తేడా రాదు గానీ, రేపు రాష్ట్రాల కోడ్‌లతో పని పడితే 01 కాస్తా 1 అయిపోతుంది. కోడ్ ఉంటే ‘కరీంనగర్’, ‘కరీమ్‌నగర్’ అని రెండు రకాలుగా రాసినా గొడవ లేదు. అలాంటి స్పెల్లింగ్ తేడాను పైన చెప్పిన శుభ్రాలేవీ తీర్చలేవు. ఒకవేళ మ్యాపు 2016 అక్టోబరు తర్వాతదైతే మాత్రం కోడ్‌లూ కలవవు, జిల్లాల హద్దులే వేరు. దానికి మండలాల స్థాయికి దిగాలి, విడిగా అడగండి.

చివర్లో పైథాన్‌కు మారితే ఈ బాధ తప్పుతుందా అని అడిగారు. తప్పదు. పాండాస్‌లో మెర్జ్ చేసినా ఇవే ఏడు జిల్లాలు మిగులుతాయి, అక్కడి స్ట్రిప్ కూడా 8204ను ముట్టుకోదు. తాళం కాలమ్ చేశాక యాంటీ_జాయిన్‌లో ఇంకా ఏమైనా పేర్లు మిగిలితే వాటి యూటీఎఫ్8టూఇంట్ అంకెలు ఇక్కడే పెట్టండి, పేర్లు కాదు, అంకెలు. పేరు కాపీ చేసి అతికిస్తే దారిలో ఆ గుర్తు జారిపోయినా పోతుంది.