కట్టు బిగించిన చోట ఆగు

చిరంజీవికి, ఆశీస్సులు.

క్యాన్సర్ ఉన్న కాలికి మాత్రమే మందు పంపే చికిత్స మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోని ‘అద్భుతం’, ‘మహమ్మారిపై యుద్ధం’ కొట్టేయి. కాలు తీసేయాలని డాక్టరు చెప్పిన మనిషి ఇది చదువుతాడు. అతనికి కావలసింది, అసలు ఏం చేస్తారన్న సంగతి.

దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. కాలి మొదట్లో పెద్ద రక్తనాళాల్లోకి గొట్టాలు పెట్టి, పైన కట్టు బిగించి, ఆ కాలి రక్తాన్ని మిగతా ఒంటి నుంచి వేరు చేస్తారు. 1953లో గుండె ఆపరేషన్‌కు తొలిసారి విజయవంతంగా వాడిన, ఒంటి బయట రక్తాన్ని తిప్పే గుండె–ఊపిరితిత్తుల యంత్రాన్ని, నాలుగేళ్లకే అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో సర్జన్లు క్రీచ్, క్రెమెంట్జ్‌ల బృందం ఈ పనికి వాడింది. వెచ్చబరిచిన రక్తంలో మెల్ఫలాన్ అనే క్యాన్సర్ మందు కలిపి గంట, గంటన్నర తిప్పుతారు. ఒళ్లంతా తట్టుకోలేనంత గాఢంగా మందు అక్కడ పనిచేస్తుంది. తర్వాత కాలిని కడిగి, అప్పుడు కట్టు విప్పుతారు.

ఇంతసేపూ ఒకరి కళ్లు ఒక అంకె మీదే ఉంటాయి. కాలి రక్తంలో కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కలిపి, గుండె మీద ఉంచిన పరికరంతో అది పైకి కారుతోందేమో చూస్తుంటారు. నీ వ్యాసానికి ప్రాణం ఆ అంకె. దాన్ని చూపించు.

చర్మ క్యాన్సర్ మెలనోమా కాలి పొడవునా గడ్డలుగా పాకినప్పుడు చాలామందిలో అవి కరిగి, కాలు దక్కుతుంది. అప్పటికే ఊపిరితిత్తులకు చేరిన కణాలను మాత్రం ఈ మందు తాకదు. ఈ మాట చివర్లో దాచకు. కాలు వాచడం, బొబ్బలెక్కడం, నరాలు, కండరాలు దెబ్బతినడం కూడా రాయి.

కాలికి పట్టే మొండి ఇన్‌ఫెక్షన్ల గురించి తోక తగిలించినట్టు రాశావు, కానీ సూత్రం అదే. పశువైద్యులు గుర్రం కాలికి పైన కట్టు కట్టి, కింది రక్తనాళంలోకి యాంటీబయాటిక్ ఎక్కించి, అరగంట అటూ ఇటూగా ఉంచుతారు. మనుషుల్లో మందు కలిపిన, ఎముకలకు వాడే సిమెంటు పూసలను ఎముక దగ్గర పెట్టడం ఎక్కువ. చచ్చిన ఎముకకు రక్తం అందదు, కాబట్టి రక్తంతో వచ్చే మందూ అందదు. అందుకే సర్జన్ ముందు దాన్ని తొలగిస్తాడు. సూక్ష్మజీవులు ఎముకకు బిగించిన లోహపు ప్లేటు మీద జిగురు పొర కట్టుకుని దాక్కుంటాయని కూడా చెప్పు.

‘ఐసోలేటెడ్ లింబ్ పర్‌ఫ్యూజన్’ అన్న ఈ చికిత్స పేరు ఒక్కసారి రాస్తే చాలు. తర్వాత ‘కాలికే మందు’ అను. దిద్దాక, పంపే ముందు ఒకసారి పైకి చదువు.

నీ శ్రేయోభిలాషి